టెస్టర్ బాబాయ్

జేబులో పెన్ను కనిపిస్తే బడిపంతులనుకుంటాం. నరసరావుపేటలో ఆ క్లిప్పు పట్టుకుని లాగితే ఒక్కోసారి టెస్టర్ బయటికొస్తుంది. అలాంటివాళ్లందరికీ కలిపి నేను పెట్టుకున్న పేరు టెస్టర్ బాబాయ్. వయసు అరవై పైమాటే. కోటప్పకొండ ప్రభలకు బల్బుల సెట్లు కట్టి చెయ్యి తిరిగిన మనిషి. పెళ్లికి పిలిస్తే ముందు పెళ్లికొడుకును చూడడు, పందిట్లో ఎర్తింగ్ చూస్తాడు.

టెస్టర్లో బల్బు కరెంటుందో లేదో చెబుతుందే గాని 110 వోల్టులో 230 వోల్టులో చెప్పదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే వోల్టేజీని ఫ్యాను చప్పుడుతో కొలుస్తాడు. మోటార్లన్నీ వేసే వేళకు తల పైకెత్తి "ఇయ్యాల నూట డెబ్బై" అంటాడు. మీటరు పెట్టి చూడకండి. తేడా వస్తే తప్పు మీటరుదే.

2017 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్‌నెట్ మొదలయ్యాక కేబుల్ కుర్రాళ్లు చాలామంది నెట్ కుర్రాళ్లయ్యారు. మా వీధివాడు మాత్రం సొంత కుంపటి పెట్టుకున్నాడు. అమెరికా నుంచి వాళ్ల మేనమామ పాత నెట్‌వర్క్ స్విచ్ ఒకటి పంపాడు. స్విచ్ అంటే గోడమీది మీట కాదు. మా పేట ఇళ్ల నెట్టంతా దాని గుండానే పోవాలి. ఒకటి పోయినా రెండోది ఆదుకునేలా దానికి రెండు పవర్ సప్లైలు. అమెరికా సరుకు కదా, అక్కడ 120 వోల్టులే కదా అని భయపడి, కుర్రాడు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని రెండేళ్లు 110 మీదే నడిపాడు. పవర్ సప్లై వీపున '100-240' అని అచ్చేసే ఉంది. కళ్లజోడు తుడుచుకుని చదివినవాడు బాబాయే.

"ఒరే, 1100 వాట్లు 110 మీద లాగితే పది ఆంపులురా. 220 అయితే అయిదే. వైరు వేడెక్కక ఏం జేసుద్ది? పైగా ఇది తక్కువ వోల్టేజీ మీద సగం పనే చేసుద్దని ఇక్కడే రాశాడు. రెండెడ్లకీ సగం మేతేసి, ఒకటి పడుకున్నా రెండోది బండి లాగుద్దని ఎట్టా అనుకున్నావు?"

సీరియళ్లూ సినిమాలూ అయిపోయాక, రెండు పవర్ సప్లైలనూ 230 మీదికి మార్చడానికి రాత్రి రెండు గంటలకు ముహూర్తం. నా నెట్ ఏమవుతుందోనని నేనూ వెళ్లాను. బాబాయ్ సుద్దముక్కతో ఒక వైరు మీద 'మాచర్ల' అనీ, రెండో దాని మీద 'గురజాల' అనీ రాశాడు. "రెంటినీ ఒకేసారి పీకామా, కారెంపూడే!" అన్నాడు. వైర్లు తడుముకుంటూ పోతే రెండూ ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వచ్చిన ఒకే బోర్డులో తేలాయి. బాబాయ్ నిట్టూర్చాడు. "బ్రహ్మనాయుడి చాపకూడు మనుషులకు మంచిదిరా, ప్లగ్గులకు కాదు."

ముందు ఆ స్విచ్ నుంచే కరెంటు తాగుతున్న కెమెరాల వైర్లు తీయించాడు. బరువు తగ్గాలిగా. గురజాల దీపం పచ్చగా ఉందని మూడుసార్లు చూశాక మాచర్ల పీకాడు. తిన్నగా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టాడు. లోపల ఫ్యాను ఓ అరుపు అరిచింది, దీపం పచ్చబడింది. కొన్ని రకాలు రెండు వైపులా రెండు వోల్టేజీలుంటే ఒప్పుకోవు, ఇది ఒప్పుకుంది. అయిదు నిమిషాలు ఆగి గురజాలను పీకి యూపీఎస్ మీదికి మార్చాడు. రెండూ పచ్చన. కెమెరాలు తిరిగి తగిలించారు. ఇంట్లో నా ఫోన్లో పెట్టుకున్న పాట ఒక్క క్షణం కూడా ఆగలేదట, మా ఆవిడ సాక్ష్యం. చదువుకున్న ఇంజినీర్లు ఇంత ఓపికగా చేస్తారా అని నాకనిపించింది.

బాబాయ్ టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు. చెప్పులేసుకున్నాడు. గడప దాటబోతూ, నలభై ఏళ్ల అలవాటుకొద్దీ, గోడమీద మెయిన్ ఆపేశాడు. యూపీఎస్ కుయ్యోమంది గాని దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిందట.

"బిల్లెవడు కడతాడ్రా?" అన్నాడు చీకట్లోంచి.

స్విచ్ తిరిగి లేవడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు, ఆఫీసు తలుపు గాలికి కొట్టుకోకుండా, దానికి అడ్డంగా ఉంది.