అమెరికా పోయే అమ్మకు మాత్రల మూట కట్టడం ఎట్లా?

హోసూరు, కృష్ణగిరి పక్క ఇప్పుడు ఏ వీధిలో చూసినా కూతురి కాన్పుకని డాలస్ పోయే అమ్మ ఒకరుంటారు. వీసాకు, టికెట్టుకు, ఊరగాయ డబ్బా మూత బిగించడానికి సలహా చెప్పేవాళ్లు బోలెడు. మాత్రల సంగతే ఎవరికీ పట్టదు. నాకు పట్టింది. మా అత్తను నేనే సాగనంపినాను. మీ అమ్మ మీద ప్రేమ, డాక్టరు గడపలో గంటసేపు కూర్చోవాలంటే విసుగు, రెండూ ఉన్నవాళ్లకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది.

1. చీటీ జోలికి పోకండి. డాక్టరు పేరు, మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో రాయించుకోమని అమెరికావాళ్లు చెప్తారు. దానికి టోకెన్ తీసుకోవాలి, వరసలో కూర్చోవాలి. ఇరవై ఏళ్లుగా బస్టాండు పక్క మెడికల్ షాపులో పాత అట్ట చూపిస్తే కొత్త అట్ట చేతికొస్తోంది కదా? డాక్టరు చెప్పకుండా వాడొద్దని అట్ట మీద నిలువునా ఎర్రగీత ఉంటుంది. మనింట్లో దాన్ని ఎవరూ చూడలేదు, ఏమీ కాలేదు. డాలస్‌లో మాత్రం ఏమవుతుంది?

2. అట్టల్లోంచి మాత్రలు ఒలిచేయండి. ఇది ముఖ్యం, తీరిగ్గా చేయండి. ప్రయాణానికి ముందురోజు రాత్రి పెద్ద స్టీలు తాంబాళం తెచ్చి నట్టింట్లో పెట్టండి. అనపకాయలు ఒలిచినట్టు పిల్లాజెల్లా చుట్టూ కూర్చోవాలి. బొటనవేలితో వెనక నొక్కితే మాత్ర టప్పుమని తాంబాళంలో పడుతుంది. బీపీది తెల్లగా ఉంటుంది, షుగర్‌ది తెల్లగా ఉంటుంది, థైరాయిడ్‌ది కూడా తెల్లగానే ఉంటుంది. అన్నీ కలిపి కడిగి ఆరబెట్టిన హార్లిక్స్ సీసాలో పోసేయండి. సీసా నిండుగా, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! అట్టల చెత్తను పొద్దున మున్సిపాలిటీ బండికి వేసేయండి. మందు పేరు, గడువు తేదీ అన్నీ దాంతోపాటే పోతాయి, సూట్‌కేసులో కాగితం బరువు ఉండదు.

3. లెక్క తెలివిగా వేయండి. మామూలుగా మూడు నెలలకు సరిపడా మందులే తెచ్చుకోమంటారు అమెరికాలో. అమ్మ ఉండేదేమో ఆరు నెలలు. దీనికి దిగులెందుకు? రోజు విడిచి రోజు మింగమనండి, సరిపోతాయి. ఇంకా తక్కువైతే పక్కింటి వదిననడగండి. 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలుపెట్టినారు. ఆ పథకం కింద బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే వస్తాయి. వదినకు వచ్చినవి అమ్మకిప్పించండి. ఇద్దరికీ షుగరే కదా, మోతాదు ఎంతైతే ఏం?

4. ఇన్సులిన్‌ను పెద్ద సూట్‌కేసులో, కందిపొడికీ కొత్త చీరలకీ నడుమ పెట్టండి. విమానం కింద అరలో గడ్డకడితే అది పనికిరాదనీ చేతిసంచిలోనే పెట్టుకోవాలనీ అంటారు. చేతిసంచిలో పులిహోర ఉంటుంది, చోటెక్కడిది?

5. మోకాళ్లకు ఎవరో ఇచ్చిన గట్టి నొప్పిమాత్రలుంటే అవీ ఆ సీసాలోకే. ట్రమడాల్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, పేరు తెలుసుకోకండి. ట్రమడాల్‌ను మనదేశంలో 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చినారు. అమెరికాలో 2014 నుంచే దానిమీద కట్టడి ఉంది. దుబాయికి తీసుకుపోవాలంటే ముందే అనుమతి కావాలి. పేరే తెలియనివాళ్లకు ఇవన్నీ ఎందుకు? దుబాయి కోడలి దగ్గర నాలుగు రోజులు ఆగేటట్టుంటే, రాత్రి నిద్ర పట్టడానికి పాయసంలోకి గసగసాలు కూడా కట్టివ్వండి. అక్కడ గసగసాలు తేవడమే నేరం. అయినా అమ్మ చేతి పాయసం ముందర చట్టమెంత?

6. ఎయిర్‌పోర్టులో ఆపితే చెప్పాల్సిన మాటలు అమ్మకు ముందే నేర్పించండి. “ఎవరూ చెప్పలేదు సార్.” “మా డాక్టరు తమిళంలో రాస్తాడు సార్.” “అల్లుడికి తెలుసు, అల్లుణ్ణి పిలవండి.” అల్లుడికి ఏమీ చెప్పకండి. మా అత్తను పక్కగదిలో మూడు గంటలు కూర్చోబెట్టినారు. సీసాను బల్లమీద ఒంపి మాత్రలు ఒక్కొక్కటే తిప్పి చూసినారట. ఇన్నేళ్లలో ఆమె మందుల్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు.

7. అక్కడ జ్వరమొస్తే షాపుకి పోయి డోలో అడగమనండి. దాన్ని చేసే మైక్రో ల్యాబ్స్‌కి మన హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలోనే ఫ్యాక్టరీ ఉంది, లోకమంతా తెలిసే ఉంటుంది. డోలోలో ఉండే పారాసెటమాల్‌ను అక్కడివాళ్లు ఎసిటమినోఫెన్ అంటారు, ఆ పేరు నేర్పించి అమ్మను బాధపెట్టకండి. బీపీ మాత్రలైపోతే హోసూరు చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపండి. అక్కడి లైసెన్సు ఉన్న డాక్టరు రాస్తేనే ఇస్తారు. అమ్మ ఎటూ చీటీ లేకుండానే పోయింది కాబట్టి, పంపే శ్రమ కూడా మీకు తప్పింది.

8. ఇన్సూరెన్స్ అన్నిటికన్నా చవకది తీసుకోండి. పాత జబ్బులకు వర్తించదని రాసిన పేజీని తిప్పేయండి.

9. ఇవన్నీ సరిగ్గా చేస్తే రెండో నెలలో ఒకరోజు అమ్మ కళ్లు తిరిగి పడుతుంది. పచ్చి బాలింత కూతురు, పసిబిడ్డ, అల్లుడు, అందరూ అర్ధరాత్రి ఎమర్జెన్సీకి చేరుకుంటారు. కుటుంబమంతా ఒకచోట ఉండాలని మీరు కోరుకున్నదే అది. ఏ మందులు వాడతారని డాక్టరు అడుగుతాడు. ఫోను మీకు చేస్తారు. హోసూరులో అప్పుడు మధ్యాహ్నం, మీరు అన్నం తింటుంటారు. తడబడకండి. గొంతు సవరించుకుని ధైర్యంగా చెప్పండి: “తెల్లది, చిన్నది. పొద్దున ఇడ్లీకి ముందు ఒకటి. రాత్రి ఇంకొకటి, అదీ తెల్లదే.”