గోల్ఫ్ బంతి ఆత్మకథ: నా వేళ్లు ఈ నేలలోనే

నేను గోల్ఫ్ బంతిని. బరువు 45.93 గ్రాములకు మించకూడదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నిబంధనలు నాకిచ్చిన ఒళ్లు ఇంతే. ఒంటినిండా మూడు నాలుగు వందల చిన్న గుంటలుంటాయి. అవి గాలిని నా వీపుకు అంటిపెట్టుకునేలా చేస్తాయి కాబట్టే ఎగరగలుగుతున్నాను. అంతే బలంతో కొట్టినా నున్నటి బంతి నాలో సగం దూరానికే కూలబడుతుంది. సింగపూర్‌లోని చోవా చూ కాంగ్ పచ్చిక మీద నన్ను చూసినవాళ్లు, ఇది డబ్బున్నవాళ్ల వస్తువనీ, తెల్లదొరలు మోసుకొచ్చిన సరుకనీ అనుకుంటారు. రెండూ పొరపాటే. నా వంశాన్ని మామూలు మనిషి చేతికి అందించింది ఈ ద్వీపపు అడవే. ఆ చరిత్ర తెలిసినదాన్ని కాబట్టే, మామూలు మనిషి ఆడుకోగలిగే చిన్న మైదానం ఒకటి ఈ నేల మీద ఉండి తీరాలని వాదిస్తున్నాను.

నా ముత్తవ్వలు ఈకల బంతులు. తోలుసంచిలో టోపీ నిండేన్ని బాతు ఈకలను ఉడికించి, కూరి, కుట్టేవారు. చేయి తిరిగిన పనివాడు కూడా రోజుకు మూడు నాలుగు మించి చేయలేకపోయేవాడు. వాన తగిలితే అవి చివికిపోయేవి. ఆటకు అంత ఖరీదు పెట్టింది బంతే. ఇటు సింగపూర్‌లో మలయ్ పల్లీయులు ఒక అడవి చెట్టు పాలను వేడినీళ్లలో మెత్తబరిచి కత్తులకు పిడులు చేసుకునేవారు. చల్లారితే అది రాయిలా బిగుసుకుంటుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ లొంగుతుంది. అదే గట్టాపర్చా. మలయ్ భాషలో ‘గెతా’ అంటే జిగురు. ఇక్కడ వైద్యుడిగా ఉన్న విలియం మాంట్‌గోమరీ 1843లో దాని నమూనాలను లండన్‌కు పంపాడు. ఐదేళ్లు తిరిగేసరికి, 1848లో, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో రాబర్ట్ పాటర్సన్ దానితో బంతి చేశాడు. తూర్పుదేశం నుంచి వచ్చిన విష్ణుమూర్తి విగ్రహం పెట్టెలో, విగ్రహం దెబ్బతినకుండా కూరిన గట్టాపర్చా ముక్కలే అతనికి ఆ ఆలోచన ఇచ్చాయని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, ఫలితం మాత్రం అందరూ చూశారు. బంతి ధర పడిపోయింది. పగిలినా కరిగించి మళ్లీ చేసుకోవచ్చు. ఈకల బంతులే జీవనాధారమైన అలన్ రాబర్ట్‌సన్ దాన్ని ద్వేషించాడు; ఆ తగాదాతోనే అతని దగ్గర పనిచేసిన టామ్ మోరిస్ విడిపోయి, 1851లో ప్రెస్ట్‌విక్ చేరాడు. ఆట మాత్రం ఊళ్లోని పనివాళ్ల దాకా వచ్చేసింది.

ఈ మేలుకు మూల్యం ఎవరు చెల్లించారో కూడా చెప్పాలి. ఒక చెట్టును నరికితే వచ్చే పాలు కొద్దిగానే. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగలకు తొడుగుగా గట్టాపర్చాకు గిరాకీ పెరిగింది. 1866 నాటి అట్లాంటిక్ తీగకు కూడా ఇదే తొడుగు. నరుకుడు ఎంత వేగంగా సాగిందంటే, 1850ల చివరికల్లా సింగపూర్ అడవిలో ఆ పెద్ద చెట్లు దాదాపు కనిపించకుండా పోయాయి. ఇవాళ నా లోపల ఉన్నది కృత్రిమ రబ్బరు, పైన ఉన్నది ప్లాస్టిక్ పొర. అయినా ఆ బాకీ ఉందనే నేను నమ్ముతాను. ప్రపంచానికి చవక బంతినిచ్చిన నేల తన పిల్లలకు చవక మైదానం ఇవ్వలేకపోవడం న్యాయం కాదు.

చోవా చూ కాంగ్ పేరులోనే మట్టి వాసన ఉంది. గంబీర్, మిరియాల తోటలు వేసిన చైనా వలసదారుల ఏటి ఒడ్డు స్థావరాల నుంచి ‘చూ కాంగ్’ వచ్చింది. చోవా అన్నది ఆ స్థావరపు పెద్దమనిషి ఇంటిపేరు. ఇప్పుడిక్కడ ఎత్తైన ఫ్లాట్లు, 1990 నుంచి మెట్రో, పక్కనే కొత్తగా లేస్తున్న టెంగా పట్టణం. సొంతంగా ఆట నేర్చుకుంటున్న ఉద్యోగి ఒకరు ఇక్కడి ఫ్లాటులో ఉంటే, సెలవురోజు ఆటకు దారి ఏది? సభ్యత్వం అక్కర్లేని మెరీనా బే కోర్సు 2024 జూన్‌తో మూతపడింది. తొమ్మిది హోల్స్ మండాయ్ కోర్సు ఆ ఏడాది చివరితో ఆగిపోయింది. ఇక చాలామందికి మిగిలింది తెల్లవారకముందే బ్యాగు భుజాన వేసుకుని, తువాస్ వంతెన మీదుగా జొహోర్ పల్లెటూరి కోర్సులకు వెళ్లడం. బ్యాగులో ఒక ఏడో నంబరు ఐరన్, ఒక పట్టర్, చెరువుల్లోంచి తీసి కడిగి అమ్మిన నాలాంటి పాత బంతులు పది. పొదుపుగానే ఆడతారు. అయినా సరిహద్దు క్యూల్లోనే సగం రోజు కరిగిపోతుంది. బంతి చవకైతే సరిపోదు, నేల కూడా దగ్గర్లో ఉండాలి.

దీనికి అసలైన అభ్యంతరం నేలదే. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2014లో గోల్ఫ్ కోర్సుల కింద సుమారు 1,500 హెక్టార్లు, అంటే దేశంలో రెండు శాతం, ఉండేది. ఇదే చోవా చూ కాంగ్ శ్మశానంలో సమాధికి కూడా పదిహేనేళ్లే గడువు. చనిపోయినవాళ్లే చోటు ఖాళీ చేయాల్సిన దేశంలో బంతి దొర్లడానికి అరవై హెక్టార్లు అడిగే ముఖం నాకు లేదు. ఇక్కడి వారెన్ గోల్ఫ్ క్లబ్బు లీజు 2030లో ముగుస్తుంది, ఆ నేల ఇళ్లకు పోతుంది. పోనివ్వండి, ఇళ్లే ముందు. నేను అడిగేది పొట్టి హోల్స్ తొమ్మిది మాత్రమే. దానికి పది పదిహేను హెక్టార్లు చాలు. నీళ్లు, పురుగుమందుల మాటా నిజమే. అయితే ఆ తిండిపోతుతనం అద్దంలా కత్తిరించిన పోటీ మైదానాలది. ఈ ద్వీపంలో ఎక్కడపడితే అక్కడ మొలిచే కౌ గ్రాస్ మీద నేను హాయిగానే దొర్లుతాను, వాననీటి చెరువు ఒకటి ఉంటే చాలు. ‘ఆడేవాళ్లు కొద్దిమందే’ అనే మాట మిగిలింది. తలుపులు మూసి లోపల ఎవరూ లేరనడం సరైన లెక్క కాదు. ఈకల బంతి రోజుల్లోనూ ఆడేవాళ్లు కొద్దిమందే.

నేల పంచుకోవడం కుదురుతుందా అని అడిగేవాళ్లు సెయింట్ ఆండ్రూస్ వైపే చూడాలి. అక్కడి మైదానాలు క్లబ్బు సొత్తు కాదు. 1974 చట్టం కింద ప్రజల తరఫున ఒక ట్రస్టు నడుపుతుంది. ప్రపంచమంతా కలలు కనే ఓల్డ్ కోర్సులో ఆదివారం మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్లు కుక్కలతో, పిల్లలతో ఆ పచ్చిక మీద నడుస్తారు. పిల్లల కోసం, కొత్తవాళ్ల కోసం బాల్గోవ్ అనే తొమ్మిది హోల్స్ కోర్సు వేరుగా ఉంది. అదే పద్ధతి ఇక్కడ పెడితే వారంలో ఒక రోజు నడిచేవాళ్లది, ఒక పూట బడిపిల్లలది, మిగతాది టికెట్ కొన్న ఎవరిదైనా అవుతుంది. చోవా చూ కాంగ్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు నా మనవి ఒకటే. 2030 తర్వాత ఈ నేల ఎలా ఉండాలో ప్రజలను అడిగే సభలు జరిగినప్పుడు వెళ్లండి. ఇళ్ల గురించి, బడుల గురించి మాట్లాడాక, తొమ్మిది హోల్స్ పచ్చిక ఒకటి కూడా అడగండి.