కాటా చీటీ

అన్నయ్యదీ నాదీ ఒకే కారు. 2018 స్విఫ్ట్, అదే 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజను, అదే 83 హార్స్‌పవర్. నాది షోరూములోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. అన్నయ్య తన బండికి 17 అంగుళాల అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లు, ముందూ వెనకా ఇనప గార్డులు, డిక్కీ నిండా ఊఫర్ పెట్టె, ఉరిమే సైలెన్సర్ పెట్టించాడు.

అరకు బయల్దేరుతూ పెద్దమ్మ ఆ బండి ఎక్కి కూర్చుంది. "అమ్మా, నువ్వు తమ్ముడి కార్లో రా. ఘాట్‌లో ఒక్క మనిషి ఎక్కువైనా పికప్ పడిపోతుంది" అన్నాడు. ఆవిడ మారుమాట్లాడకుండా దిగి, చేతిసంచితో వచ్చి మా పిల్లలిద్దరి మధ్యా సర్దుకుంది. నాకు మనసు చివుక్కుమంది.

ఎస్.కోట దాటి ఎక్కుడు మొదలైంది. మేం ఐదుగురం, పైగా సామాను. అయినా సెకండ్ గేరులోనే లాక్కొచ్చేశాం. వాళ్లు ఇద్దరే. ప్రతి మలుపులోనూ ఫస్ట్ గేరుకి దిగాల్సొచ్చింది.

అనంతగిరిలో కాఫీకి ఆగినప్పుడు బానెట్ ఎత్తి, "ప్లగ్గులు మార్చాలేమోరా" అన్నాడు.

"ప్లగ్గులు కాదన్నయ్యా, బరువు. సీట్లో బరువును లాగితే సరిపోతుంది. చక్రాల్లో పెరిగిన బరువును లాగాలి, తిప్పాలి కూడా. మలుపులో స్పీడు తగ్గిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచీ తిప్పాలి. చిన్న ఇంజనుకి ఆ సైలెన్సర్ చప్పుడే ఇస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఉన్న లాగుడు కాస్తా పోతుంది. ఆ గార్డులైతే వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పింది. గుద్దుకుంటే దెబ్బ నేరుగా ఛాసిస్‌కి పోతుంది. ఎయిర్‌బ్యాగ్ వేళకి తెరుచుకుంటుందన్న నమ్మకమూ ఉండదు."

"ఆ నాలుగు సామాన్లూ ఎంత బరువుంటాయిరా!" అని కొట్టిపారేశాడు.

సాయంత్రం దిగొచ్చాక కొత్తవలస దగ్గర లారీల కాటా కనిపించింది. ఆపమన్నాను. రెండు కార్లకూ అప్పుడే ఫుల్ ట్యాంకు కొట్టించాం. అందర్నీ దింపి, సామాను తీసేసి, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాం. నాది 890 కిలోలు. అన్నయ్యది 970.

కాటా కుర్రాడు చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "సార్, ఈ బండిలో మనిషెవరైనా ఉండిపోయారా?" అన్నాడు.

"లేరు బాబూ, నన్ను పొద్దున్నే దింపేశాడు" అంది పెద్దమ్మ. "అయినా నేను 46 కిలోలే."