పంచనక్షత్ర ప్రశస్తి

పూర్వము రాజాస్థానములలో వందిమాగధులుండెడివారు. వారు కనీసము రాజును కన్నులార చూచి, అతని ఉప్పు తిని పొగడెడివారు. నేటి ఆన్‌లైను అంగడిలో వెలసిన నవీన స్తుతిపాఠకులకు ఆ బాదరబందీయు లేదు. మిక్సీ మూత తీయకయే, అందు చారెడు పప్పైనను రుబ్బకయే, ‘అద్భుతము, మా ఇంటిల్లిపాదియు మురిసినారము’ అని ఐదేసి నక్షత్రములు కురిపించుచు, ఒకే రాత్రి, ఒకే వాక్యమును, ఒకే అక్షరదోషముతో, పదుల పేర్ల మాటున వ్రాయగల ఆ మహానుభావుల ఏకకంఠత్వము ఘనాపాఠులకు సైతము దుర్లభము. వస్తువుతోబాటు పెట్టెలో వచ్చు చీటీని చదివినచో ఈ కవితావేశపు మూలము తెలియును: ‘ఐదు నక్షత్రములిచ్చి ఫొటో పంపుడు, నూరు రూపాయలు వాపసు.’

లండనులో 2017వ సంవత్సరమున, మునుపు కూలికి కల్లసమీక్షలు వ్రాసిన పత్రికారచయిత ఒకడు తాను కాపురముండు పెరటి కొట్టమునే భోజనశాలగా చాటి, మిత్రులచే పొగడించుకొనగా, వండని వంటకు, వేయని విస్తరికి అది ట్రిప్‌అడ్వైజరు అను సమీక్షల వేదికలో ఆ మహానగరమునకే ప్రథమస్థానము నలంకరించినది!

మన ప్రభువులును ఊరకుండలేదు. కొని తెచ్చిన ప్రశంసలను ప్రకటింపరాదని 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించిరి. ఇష్టమైనవారే పాటింపవచ్చునని అభయమును ఇచ్చిరి. దొంగలకింతటి మర్యాద మరెచ్చట లభించును?

పాఠకమహాశయులారా, మూడు నక్షత్రములిచ్చి ‘మూత కారుచున్నది’ అని గొణిగినవాని మాట ముందు వినుడు. అప్పటికిని మోసపోయితిరా, వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయుడు.