పాడేరుకు వీసా పెట్టండి!

లోకల్ కేసులతో విద్యార్థులకు ‘ఎక్స్‌పోజర్’ చాలడం లేదని ఓ ప్రైవేటు మెడికల్ కాలేజీ ఛైర్మన్‌గారు సెలవిచ్చినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. అందుకే ఇకపై వారి కాలేజీలో అంతర్జాతీయ రొటేషన్లట (అంటే విదేశీ ఆసుపత్రుల్లో శిక్షణ), గ్లోబల్ హెల్త్ సర్టిఫికెట్లట. ఫీజు మాత్రం అదనం. ఆ ముక్క చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గింది.

సరే, విమానం ఎక్కితే తప్ప మనవాళ్లకు వైద్యం ఒంటబట్టదని తేలిపోయింది. కాబట్టి ప్రభుత్వానికి నాదో మనవి: పాడేరు గిరిజన ఏజెన్సీని విదేశంగా ప్రకటించేయండి.

పెద్ద ఖర్చేం కాదు. ఇమిగ్రేషన్‌కు అటవీశాఖ చెక్‌పోస్టులు ఎలాగూ ఉన్నాయి. అక్కడో స్టాంపు, ఇంకుప్యాడు పడేస్తే సరి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆఫీసే రాయబార కార్యాలయం. వీసా ఇంటర్వ్యూలో ఒకటికి రెండుసార్లు తిరగ్గొట్టాలి, అప్పుడే దానికో విలువ. అమీర్‌పేటలో పాడేరు వీసా కోచింగ్ సెంటర్లు వాటంతటవే వెలుస్తాయి. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు ఎలాగూ తప్పవు. భాషంటారా? కువి, ఆదివాసీ ఒడియా. పక్కన ఎవరో ఒకరు తెలుగులో చెబితే తప్ప రోగి గోడు ఒక్క ముక్క అర్థం కాదు; ఇంతకన్నా పరాయి దేశం ఎక్కడుంది? జెట్‌లాగ్ కావాలంటే ఘాట్ రోడ్డుంది, మూడో మలుపుకే కడుపులోది బయటికొస్తుంది. ఎయిర్ అంబులెన్స్ బదులు డోలీ: ఓ కర్ర, ఓ దుప్పటి, మోయడానికి మనుషులు. అదీ నేల తగలకుండానే వెళ్తుంది.

ఇక చదువు. అమెరికాలో డబ్బు కట్టి కొనుక్కునేది చాలావరకు అబ్జర్వర్‌షిప్. రోగిని ముట్టుకోకూడదు. తెల్లకోటు తొడుక్కుని, చేతులు కట్టుకుని చూడాలి. దానికి వేల డాలర్లు. 2022 జనవరిలో అక్కడి డాక్టర్ల లైసెన్స్ పరీక్ష యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1కు మార్కులు ఎత్తేసి ఉత్త పాస్, ఫెయిల్ చేశాక ఈ అబ్జర్వర్‌షిప్‌కూ, చివర్లో చేతికిచ్చే సిఫార్సు లేఖకూ గిరాకీ ఇంకా పెరిగింది. మా పాడేరు దేశంలో అలా కాదు. మలేరియా, సికిల్ సెల్, టీబీ, పాముకాటు, ఒంట్లో రక్తం లేకుండానే కాన్పులు. ముట్టుకోవచ్చు. ముట్టుకోండి బాబూ అని బతిమాలతారు కూడా.

ఇలాంటి కేసులు చూడ్డానికే అమెరికా విద్యార్థులు ఇండియాకీ ఆఫ్రికాకీ వస్తారు. గ్లోబల్ హెల్త్ అని వాళ్ల కాలేజీలు పిలిచేది దీన్నే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. వాళ్లు ఇటొస్తుంటే మనం అటెళ్లి చేతులు కట్టుకుంటున్నాం.

అన్నట్టు, పాడేరు ఫీజు డాలర్లలోనే తీసుకోండి. రూపాయల్లో అడిగితే సర్కారు డ్యూటీ అనుకుని ఒక్కడూ రాడు.

ఛైర్మన్‌గారూ, ఒక్కటడుగుతాను. ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలున్నాయి. 2021-22 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నిబంధనా ఉంది. తమను ఎవరో దత్తత తీసుకున్నారని ఆ కుటుంబాల్లో ఎందరికి తెలుసు? లాగ్‌బుక్‌లో సంతకం పడితే చాలు, ఊరికి వెళ్లారా లేదా అని మీలో ఎవరైనా అడిగారా? డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే కాన్పయిందన్న వార్త ఎన్ని వానాకాలాల నుంచి చదువుతున్నాం! అది మీకు ఎక్స్‌పోజర్ కాదు. ఎందుకంటే అక్కడ బ్రోషర్‌కు పనికొచ్చే ఫొటో రాదు, ప్యాకేజీ మీద మిగిలేదీ ఏమీ ఉండదు. మన రోగుల దగ్గర నేర్చుకునేది చాలదని మైకు ముందు చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?

అమ్మానాన్నలకో మాట. ఆ రొటేషన్‌కు చెక్కు రాసే ముందు, మీ బిడ్డ ఆ 12 వారాలూ ఏ ఊళ్లో, ఏ పీహెచ్‌సీలో పనిచేస్తారో కాలేజీని కాగితం మీద రాసిమ్మనండి.