ఉపలమగును: ఒక ఆటవెలదికి పునరారంభిణీ వ్యాఖ్య

ఆట లాడునపుడు నలయదు యంత్రంబు
ఊరకుండు వేళ నుపలమగును
ఎలుక కదలదింక నెంత జరిపినను
మీట నొక్కుటొకటె మిగిలె నాకు

అవతారిక: కొలిచెలమ మల్లినాథసూరి రఘువంశానికి రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. మా ఇంటి డెస్క్‌టాపుకు కావలసింది అదే గాని, ఆ పేరు ఆయన ముందే తీసేసుకున్నాడు కనుక దీనికి పునరారంభిణి అని పెట్టాను. కవీ నేనే, వ్యాఖ్యాతనూ నేనే. కవి పొరపాట్లను వ్యాఖ్యాత కప్పిపుచ్చడని హామీ.

ప్రతిపదార్థం: యంత్రంబు = సికింద్రాబాదు సీటీసీలో విడిభాగాలు కొనుక్కొచ్చి కవి స్వహస్తాలతో బిగించుకున్న డెస్క్‌టాపు; ఆటలు + ఆడునపుడు = ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ నిండా బరువు మోస్తూ ఫ్యాన్లు రొద పెట్టే వేళ; అలయదు = డస్సిపోదు; ఊరక + ఉండు వేళన్ = తెర మీద ఒక్క ఖాళీ ఫైలు తప్ప ఏమీ లేనప్పుడు, ముఖ్యంగా కవి టీకి లేచినప్పుడు; ఉపలము + అగును = రాయి అవుతుంది; ఎలుక = మౌసు (గణపతి ప్రసక్తి లేదు); ఎంత జరిపినను = మొదట మెల్లగా, పిమ్మట బల్ల గీసుకుపోయేలా జరిపినా; ఇంకన్ + కదలదు; మీట నొక్కుట + ఒకటె = పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు అదిమి పట్టడమొక్కటే; నాకు మిగిలెన్.

టీక: 'యంత్రంబు' తర్వాత అచ్చు వచ్చినా సంధి చేయలేదేమని వ్యాకరణం తెలిసినవారు అడుగుతారు. ఉత్వసంధి నిత్యమని కవికి తెలుసు. సరిగ్గా అక్కడే మిషన్ ఆగింది. రెండో పాదం చివరా అంతే. రోజుకు రెండుసార్లు అప్పట్లో మామూలు.

అలంకారం చూడండి. మొదటి పాదంలో కారణం ఉంది, కార్యం లేదు: అంత బరువు పడినా యంత్రం ఆగదు. ఇది విశేషోక్తి. రెండో పాదంలో కారణం లేదు, కార్యం ఉంది: ఏ పనీ లేకుండానే ఆగుతుంది. ఇది విభావన. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసి ఉంటే కవికి మూడు వారాలు మిగిలేవి. అతడు పద్యం రాశాడు గాని చదువుకోలేదు.

పూర్వవ్యాఖ్యాతల మతాలు: విండోస్ మళ్లీ వేయాలని పక్క ఫ్లాటాయన. వేశాం, కొత్త విండోస్ కూడా రాయి అయింది. ర్యాము ఊడదీసి బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడవమని షాపు కుర్రాడు. ఈ వైద్యాన్ని ఎగతాళి చేయను, తుప్పు పట్టిన కాంటాక్టులకు అది పనిచేస్తుంది. మాకు పనిచేయలేదు. మెమ్‌టెస్ట్86 రాత్రంతా నాలుగు పాసులు తిరిగి తప్పులు సున్నా అంది. అయినా అనుమానం తీరక ఎక్స్ఎంపీ తీసేసి ర్యాము వేగం 3200 నుంచి 2133కు దించాం. వేడి అన్నాడు మేనల్లుడు. వేడైతే ఆటలో ఆగాలి కదా నాయనా, టీ వేళలో ఎందుకు?

ప్రమాణవిచారం: ప్రత్యక్షానికి క్యాప్స్ లాక్ దీపం. నొక్కితే వెలిగిందా, తెర ఒక్కటే బిగిసిందని ఆశ. వెలగలేదా, లోపల కెర్నెలే పలకడం లేదు. మాది వెలగలేదు. శబ్దప్రమాణం ఫ్యాన్లది. అవి తిరుగుతూనే ఉన్నాయి గనక కరెంటు పూర్తిగా పోలేదు. ఇక ఆప్తవాక్యమని ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నెల్-పవర్ 41 అని ఎర్ర అక్షరాలు. మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైందని దాని అర్థం. అంటే మీట నొక్కావు సుమా అని, నొక్కినవాడికే చెబుతోంది. దాన్ని పట్టుకుని పవర్ సప్లై పోయిందని తేల్చేసేవారు చాలామంది. మా విషయంలో తప్పు అటువైపే ఉన్నా ఆ 41 దానికి సాక్ష్యం కాదు.

సిద్ధాంతం: 'ఊరకుండు' అన్న మాటలోనే గుట్టు ఉంది. ఇప్పటి ప్రాసెసర్లకు పని లేకపోతే ఒక్కో కోరు గాఢనిద్రలోకి జారుతుంది. సీ6 అంటారు. ఆ నిద్రలో అవి తాగే కరెంటు బహు స్వల్పం. 2013లో ఇంటెల్ హాస్‌వెల్ తరం వచ్చినప్పుడే ఈ చర్చ లేచింది: 12 వోల్టుల లైను మీద 0.05 ఆంపియరు మాత్రమే లాగినా సప్లై నిలకడ తప్పకూడదన్నారు. అంతకుముందు ఆ కనీసం 0.5 ఆంపియరు. కవి కేబినెట్‌లోని సప్లై 2011 నాటిది, పాత మిషన్ నుంచి ఊడదీసి తెచ్చి బిగించినది. అన్నీ కొత్తవి కొని అదొక్కటి మిగిల్చుకున్నాడు. పిల్లికి బిచ్చం పెట్టని చేయి అది. వాట్లు చాలినన్ని ఉన్నాయి కదా అన్నాడు. ఎక్కువ అడిగితే ఇవ్వగలిగిన సప్లై, మరీ తక్కువ అడిగేసరికి తడబడింది.

కనుక నాలుగో పాదంలోని 'మీట'కు పైన చెప్పిన అర్థం రద్దు. అది డిలీట్ మీట. మిషన్ మొదలయ్యేటప్పుడు దాన్ని నొక్కి బయాస్‌లోకి వెళ్లి, పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అన్నచోట ఆటో తీసి టిపికల్ కరెంట్ ఐడిల్ పెట్టాలి. నిద్ర కాస్త పలచనవుతుంది, కరెంటు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. అందరి బోర్డుల్లోనూ ఈ పేరు కనిపించదు. కొన్నింటిలో సీ-స్టేట్లనే ఆపుకోవాలి. కవి చేయనిది అదొక్కటే గనక 'ఒకటె మిగిలె' అన్నది అక్షరాలా నిజం.

తాత్పర్యం: బరువుకు ఆగితే వేడినీ వాట్లనూ చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఆగితే నిద్రను చూడండి. ర్యాము మళ్లీ 3200కు ఎక్కించాను. ఈ టీక మధ్యలో రెండుసార్లు లేచి టీ తాగి వచ్చాను. తిరిగొచ్చి జరిపితే ఎలుక కదిలింది.