చెత్తకో ముహూర్తం, షెడ్డుకో తాళం

మన దేశంలో చెత్తకు ముహూర్తం ఒక్కటే: అక్టోబరు 2. స్వచ్ఛభారత్ 2014లో పుట్టింది ఆ రోజే. క్లీన్ ఆంధ్రప్రదేశ్ బండ్లకు 2021లో జగన్ జెండా ఊపిందీ ఆ రోజే. ఆ బండ్ల వెంట వచ్చిన చెత్త పన్నును రద్దు చేస్తున్నామని 2024లో మచిలీపట్నంలో చంద్రబాబు ప్రకటించిందీ ఆ రోజే. రాష్ట్రంలో గుట్టలు పడ్డ 85 లక్షల టన్నుల పాత చెత్తకు ఆయన పెట్టిన గడువేమిటంటారా? 2025, అక్టోబరు 2. బతికినన్నాళ్లూ మరుగుదొడ్లు కడిగిన పెద్దాయనకు పుట్టినరోజు కానుకగా కూడా చెత్తే!

పన్ను మాట వచ్చింది గనుక చెప్పాలి. 2022లో కర్నూలులో పన్ను కట్టని దుకాణాల ముందు నగరపాలక సిబ్బంది చెత్త తెచ్చి కుమ్మరించారు. గడప గడపకూ వెళ్లి చెత్త తీసుకుపోవడం చాలా దేశాల్లో ఉంది. తెచ్చి ఇవ్వడం మన ఘనతే.

ఇక మా అమరాపురం వైపు రండి. రేకుల కప్పు, కింద సిమెంటు తొట్లు, గోడ మీద ‘చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం’. తడి చెత్తా పేడా తొట్టిలో వేసి వానపాములను వదిలితే రెండు నెలల్లో ఎరువు. శాస్త్రం నిక్షేపంగా ఉంది. నేను చూసిన షెడ్డులో (ఏ ఊరిదని అడక్కండి, మీ ఊరిదే అనుకోండి) తొట్టి నిండా వక్కతొక్కు బస్తాలు, ఒక కాలు విరిగిన కుర్చీ, ఎండకు తాళలేక చేరిన మేకలు. గోడకు మాత్రం పొర మీద పొర రంగు. గోరుతో గీకితే ఏ ప్రభుత్వం తర్వాత ఏది వచ్చిందో తెలుస్తుంది. హేమావతిలో నొలంబుల శాసనాలు చదవడానికి వచ్చే పండితులు ఇటూ ఒక చూపు వేయాలి. పంచాయతీ ఆఫీసుల మీద పార్టీ రంగులు తీసేయమని 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి చెప్పించుకున్న రాష్ట్రం కదా మనది!

మన పెద్దలకు షెడ్డు లేదు, తిప్ప ఉండేది. పేడ, బూడిద, పట్టుపురుగులు తిని వదిలిన మల్బరీ పుల్లలు అన్నీ అందులోకే. ఎండాకాలం బండికెత్తి చేనికి తోలేవాళ్లు. బిడ్డలకు తిప్పన్న, తిప్పమ్మ అని పేర్లు కూడా పెట్టుకున్నారు. సంపద కేంద్రం పేరు పెట్టుకున్న బిడ్డ ఇంకా పుట్టలేదు. అయితే గుట్కా కవర్లూ షాంపూ పొట్లాలూ డైపర్లూ తిప్పలో మాగవు. అందుకే షెడ్డు కావాలి. అందుకే కాబోలు దానికి తాళం!

మరి చెత్త ఎటుపోతోంది? వంకలోకి, ఆపైన పొగలోకి. చెత్త తగలబెట్టకూడదని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఆ ఏడాది డిసెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా కాలిస్తే 5,000, పెద్దఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అంది. చాలాచోట్ల అగ్గిపెట్టె చెత్త బండి వెంటే వస్తుంటే ఎవరు ఎవరికి రసీదు రాయాలి?

ఇప్పుడు నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం. కొత్త చీపురు, కొత్త టోపీ, ముందురోజే ఊడ్చిన చోట మళ్లీ ఊడ్పు, ఫొటో, టిఫిన్. తిని పడేసిన ప్లేట్లు ఏరేది పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడు, సర్కారు భాషలో ‘హరిత రాయబారి’. హోదా రాయబారిది. గౌరవ వేతనం మాత్రం ఎన్ని రాయబారాలు నడిపినా నెలకు నెల రాదు.

వచ్చే మూడో శనివారం వేంచేసే నాయకులకు మనవి: చీపుర్లు మా దగ్గరున్నాయి. మీరు షెడ్డు తాళంచెవి, రాయబారి బకాయి జీతం తెండి.